మందిరం గుమ్మం దాటిన తరువాత



ఈ నెల మనం మాట్లాడుకోవలసినది కొత్తవారి సంగతి. ఆదివారం ఆరాధనకు మొదటిసారి వచ్చి, వెనుక వరుసలోనో, గుమ్మం దగ్గర చాప అంచునో కూర్చుని, ఆశీర్వచనం అయీ అవకముందే చెప్పులు వెదుక్కుని వెళ్ళిపోయేవారి సంగతి. కొత్త ఆత్మలు సంఘానికి రావాలని ప్రతి కూటంలోనూ ప్రార్థన చేస్తాం. వచ్చినవారు రెండో వారం ఎందుకు కనబడలేదో మాత్రం సంఘ కమిటీలో ఎవరూ ఎత్తరు.

చోడవరం వంటి ఊరిని తీసుకుందాం. పాలన లెక్కల్లో అది 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరింది గాని, మన పెద్దవారి నోట ఇప్పటికీ విశాఖ జిల్లాయే. అనకాపల్లి నుండి వడ్డాది మీదుగా పాడేరు కొండలెక్కే దారిలో ఉన్న ఊరు. చుట్టూ చెరకు తోటలు, బెల్లం వంటలు. దగ్గరలోనే గోవాడలో సహకార చక్కెర మిల్లు. ఇలాంటి ఊరికి కొత్త మనుష్యులు వస్తూనే ఉంటారు. బదిలీ మీద వచ్చే మాస్టారు, బ్యాంకు ఉద్యోగి, ఆసుపత్రి నర్సమ్మ. చెరకు నరకడానికి పిల్లాపాపలతో వచ్చి పొలం పక్కన పాక వేసుకునే కూలీలు. సంతకు పసుపు, చింతపండు దించుకుని వస్తూ, పిల్లల చదువు కోసం దిగువనే ఉండిపోయిన కొండ కుటుంబాలు. కోడలై వచ్చిన పిల్ల. ఇక జబ్బులోనో కష్టంలోనో ఎవరో ప్రార్థన చేయగా క్రీస్తు పేరు విని, ఇంట్లో చెప్పకుండా ఒంటరిగా వచ్చే ఆడపడుచు. వీరందరినీ ‘కొత్తవారు’ అనే ఒక్క మాటతోనే పిలుస్తాం. మనం చేసే మర్యాద మాత్రం అందరికీ ఒక్కటి కాదు.

మేనేజరుగారో, మాస్టారో భార్యాబిడ్డలతో వస్తే ముందు వరుసలో కుర్చీ పడుతుంది. పాస్టరుగారు ప్రకటనల్లో పేరు చదువుతారు. ‘రెండు మాటలు’ చెప్పమని అడుగుతారు. పండుగ దినమైతే శాలువా కూడా వస్తుంది. ఆ మధ్యాహ్నం భోజనం ఏ పెద్దగారింట్లోనో ముందే ఖాయమై ఉంటుంది. అదే ఆరాధనకు చెరకు కోత మనిషి, చేతులమీద ఆకు కోసిన గీతలతో వస్తే, “కొంచెం అటు సర్దుకో నాయనా” అన్న మాటే అతనికి దక్కిన స్వాగతం. మాస్టారిని గౌరవించవద్దని మేము అనడం లేదు. పరాయి ఊరిలో ఆయనకూ పలకరింపు కావాలి. అయితే యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవానిని ఎక్కడ కూర్చోబెట్టారు, మాసిన బట్టలతో వచ్చిన బీదవానిని ఎక్కడ ఉండమన్నారు అని సంఘాన్ని నిలదీశాడు. అంటే ఈ కుర్చీ సంగతి మన కాలంలో పుట్టినది కాదు, అపొస్తలుల నాటిదే.

“ఈ రోజు కొత్తగా వచ్చినవారు లేచి నిలువబడండి” అని పిలవడం చాలా సంఘాల్లో వాడుక. అందరూ చప్పట్లు కొడతారు, స్త్రీల సమాజం వారు ఒక స్వాగత గీతం పాడతారు. మంచి ఉద్దేశమే. కాని ఈ నిలబెట్టడం మాకు అంతగా నచ్చదు. బదిలీ మీద వచ్చిన కుటుంబానికి అది సంతోషమే కావచ్చు. అత్తవారింట్లో తెలియకుండా వచ్చిన ఆడపడుచుకు అది శిక్ష. చోడవరం పెద్ద పట్టణమేమీ కాదు. ఆదివారం ఎవరు లేచి నిలబడ్డారో సోమవారం కూరగాయల బజారులో తెలిసిపోతుంది. ఆ మాట ఆమెకన్నా ముందు ఇల్లు చేరితే, మన చప్పట్లు ఆమె వీపు మీద పడినట్టే. పేరు అడగాలంటే ఆరాధన అయ్యాక, పక్కన కూర్చున్న స్త్రీ, మెల్లగా అడిగితే చాలును.

అడిగే ప్రశ్న కూడా చూసుకోవాలి. “ఏ ఊరమ్మా?” అన్న తరువాత మన నోట సాధారణంగా వచ్చేది, “ఎవరింటివారు?” దానికి జవాబు తేలకపోతే, “మీరేవిట్లండీ?” ఈ మూడో ప్రశ్న ఎందుకు అడుగుతున్నామో అడిగేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. మందిరంలో కులం లేదని ప్రసంగంలో విని, మందిరం వాకిట్లోనే కులం అడిగించుకున్న మనిషి రెండో ఆదివారం రాకపోవడంలో ఆశ్చర్యమేముంది? బేత్లెహేము పొలంలో బోయజు కూడా రూతును చూసి ఆ చిన్నది ఎవరిదని తన పనివారిని విచారించాడు. మోయాబు దేశపు పిల్ల అని, నయోమితో వచ్చిందని చెప్పారు. ఆ రోజుల్లో మోయాబీయులంటే ఇశ్రాయేలీయులకు ఎంత చులకనో మీకు తెలిసినదే. అది విన్న తరువాత బోయజు చేసిన పనులు వరుసగా చదవండి. వేరే పొలానికి పోవద్దన్నాడు, ఆమెను ముట్టవద్దని పనివారికి చెప్పాడు, కుండలలోని నీళ్ళు త్రాగమన్నాడు, భోజనవేళ కోతవారి ప్రక్కన కూర్చోబెట్టి తన చేత్తో పేలాలు అందించాడు. విచారించినది పళ్ళెం పెట్టడానికని తేలింది. మన విచారణ చాలాసార్లు పళ్ళెం దూరం పెట్టడానికే.

మన ప్రాంతానికి వాక్యం తెచ్చినవారే కొత్తవారు. 1805లో లండన్ మిషనువారు జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజీ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. భాష రాదు, బంధువు లేడు. తరువాత ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడై, లేఖనాలను తెలుగు చేయడంలో సాయపడ్డాడు. అయిదేళ్ళు తిరిగేసరికి ఇద్దరు దొరలూ చనిపోయారు. వారు తెలుగు చేసిన మూడు సువార్తలు వారి మరణం తరువాత 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. పాత సంఘస్థులమని, తాతలనాటి విశ్వాసులమని చెప్పుకునే మనం అప్పుడప్పుడు ఆ ఏళ్ళు లెక్క పెట్టుకోవడం మంచిది. మన ముత్తాత కూడా ఒకనాడు ఏదో మందిరపు గుమ్మం దగ్గర కొత్తవాడిగా నిలబడినవాడే.

కొత్తవారిని చేర్చుకోవడం అంటే మేము ఎప్పుడూ ఒంగోలును తలచుకుంటాం. జాన్ క్లౌ దొరగారు 1866లో అక్కడికి వెళ్ళారు. మరుసటి ఏడు జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. ఊరిలోని అగ్రకులాల పెద్దలకు దొరగారి మీద గౌరవమే. తమ పిల్లలను ఆయన బడికి పంపారు. ఇంతలో తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యం వల్ల మాదిగ పల్లెలనుండి జనం రావడం మొదలైంది. పెద్దలు వచ్చి చెప్పేశారు: వీరిని చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలూ రారు. లోకజ్ఞానం ప్రకారం చూస్తే లెక్క సులువే. పలుకుబడి, భూమి, చదువు అంతా ఒకవైపు. ఆకలి, అప్పు, వెట్టి ఇంకొకవైపు. క్లౌగారు తన గదిలో, భార్య హారియట్ అమ్మగారు తన గదిలో వేరువేరుగా ప్రార్థించి గ్రంథం తెరిచారట. ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం చివరి వచనాలే వచ్చాయి. లోకంలో నీచులైనవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే భాగం అది. పల్లెల నుండి వచ్చినవారిని చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 1876 నుండి 78 వరకు దాతుకరవు. క్లౌగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. సంఘపు బోధకులే ఆ మట్టి పనికి మేస్త్రీలుగా ఉండి, కూలీలు అలసి కూర్చున్నప్పుడు వారి పక్కనే కూర్చుని కష్టసుఖాలు మాట్లాడేవారు, దేవుని సంగతి చెప్పేవారు. చేరతామని జనం అడిగినా కరవు సాయం నడిచినంతకాలం బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయింది, అయినా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె మన పిల్లలు సండే స్కూలులో కూడా అప్పజెప్పుతారు. అంకెకన్నా మాకు ముఖ్యమని తోచేది ఆ కాలువ గట్టు. ఆ జనంలో చాలామంది నదిలోకి దిగకముందే, మట్టి తట్ట దించుకుని కూర్చున్న చోట సంఘపు మనుష్యులు పక్కన కూర్చోగా చూసినవారు. వారికి స్వాగతం అక్కడే జరిగింది. మన ప్రాంతంలో చెరకు కోత పాకలున్నాయి, బెల్లం పొయ్యిలున్నాయి. కోత కాలంలో మన యౌవనస్థుల కూటం వారు ఒక సాయంత్రం అక్కడికి వెళ్ళి, కరపత్రం పంచి తిరిగి రావడం కాకుండా, కాసేపు కూర్చున్న సందర్భాలు ఎన్ని?

కూర్చోవడం అనేసరికి వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు జ్ఞాపకం వస్తారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకలుకు వచ్చి, తెలుగు నేర్చుకుని, మన పల్లెల మధ్య జీవితమంతా గడిపారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910 జూన్‌లో స్కాట్లాండు దేశపు ఎడింబరో పట్టణంలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగింది. అప్పటికి అజరయ్యగారి వయస్సు 35 ఏళ్ళు. తెల్లవారితో నిండిన ఆ సభలో లేచి ఆయన చెప్పినదాని సారాంశం ఇది: మిషనెరీలు భారతీయుల కోసం ఆస్తి ఖర్చు పెట్టారు, ప్రాణాలు ధారపోశారు, దానికి మేము కృతజ్ఞులం, కాని మాకు ఇంకొకటి కావాలి, మాకు స్నేహితులు కావాలి. ఆ మాటకు సభలో కొందరు నొచ్చుకున్నారు. అప్పుడు ఆ మాట తెల్లదొరలకు తగిలింది. ఇప్పుడు మనకు తగలవలసి ఉన్నది. దుప్పట్లు పంచుతాం, క్రిస్మసుకు బిర్యానీ పెడతాం, బడి పిల్లలకు పలకలు ఇస్తాం. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాడి ఇంట్లో మనం చోడి అంబలి త్రాగామా?

అసలు సమస్య ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. మందిరం అందరిది కాబట్టి మందిరం గుమ్మం దాటించడానికి మనకు కష్టం లేదు. ఇల్లు మనది. దాని గుమ్మం దగ్గరే మన పూర్వపు కులం, మన ఉద్యోగం, మన చుట్టరికం అన్నీ కాపలా ఉంటాయి. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, ఇంటికి వచ్చి వేరే గ్లాసు తీసే ఇళ్ళు లేవని ఎవరైనా చెప్పగలరా? కొత్త కుటుంబం సంఘంలో నిలిచిందా లేదా అనేది వారు ఎన్ని ఆదివారాలు వచ్చారన్న హాజరు లెక్కలో తెలియదు. వారి పిల్లవాడికి రాత్రివేళ జ్వరం వస్తే ఏ విశ్వాసి తలుపు కొట్టగలడో, ఆ తలుపు ఉన్నదా లేదా, అందులో తెలుస్తుంది.

ఇక చిన్నవిగా కనబడే రెండు సంగతులు. ఒకటి బొట్టు. కొత్తగా వచ్చిన స్త్రీ నుదుట బొట్టు చూసి మన అక్కలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకోవడం, “అది తుడిచి రావాలమ్మా” అని మొదటి రోజే అనడం. ఆమె తుడుచుకుని ఇంటికి వెళ్తే అక్కడ ఏమవుతుందో ఆ అక్కలు ఆలోచించరు. పరిశుద్ధాత్మ తన పని తాను చేస్తాడని నమ్మేవారికి ఇంత తొందర ఎందుకు?

రెండవది పేరు. మన ఉత్తరాంధ్రలో నూకరాజులు, అప్పలనాయుళ్ళు, నూకాలమ్మలు ఎక్కువ. వారు విశ్వాసంలోకి రాగానే పేరు మార్చుకోమని పట్టు పట్టేవారున్నారు. తమంతట తాము కోరుకుంటే సంతోషమే. కాని కొత్త నిబంధన చూడండి. అపొల్లో పేరులో గ్రీకుల దేవత అపోలో ఉన్నాడు. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితె అనే దేవత ఉన్నది. పౌలు వీరిని అదే పేరుతో పిలిచాడు, అదే పేరుతో పత్రికల్లో రాశాడు, సహోదరులన్నాడు. పేరు మారకపోయినా మనిషి మారాడు. అపొల్లోకు బోధలో కొంత కొరత ఉన్నప్పుడు కూడా, అకుల ప్రిస్కిల్లలు సమాజమందిరంలో లేచి తప్పు పట్టలేదు. అతనిని చేర్చుకుని దేవుని మార్గం మరింత వివరంగా చెప్పారు. డేరాలు కుట్టుకుని బ్రతికే ఆ భార్యాభర్తలు ఎఫెసులో పరాయివారే.

కొత్తవారి పని పాస్టరుగారిది అనుకోవడం మనకు అలవాటు. అయ్యగారికి అయిదారు ఊళ్ళు, అమ్మగారికి ఇంటెడు చాకిరీ. సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులందరూ భయపడ్డారు. బర్నబా ఒక్కడు చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఆ బర్నబా యెరూషలేమువాడు కాడు, కుప్ర ద్వీపంలో పుట్టినవాడు. పరాయితనం తెలిసినవాడికే ఆ చెయ్యి ముందుగా లేచిందేమో. మన సంఘాల్లో ఒక్కో కొత్త కుటుంబానికి ఒక్కో పాత కుటుంబాన్ని జతచేస్తే సరిపోతుంది. వారు చేయవలసినదల్లా మొదటి నెలలో పక్కన కూర్చోవడం, కీర్తన నంబరు చూపించడం, కానుక సంచి వచ్చినప్పుడు వేయకపోయినా పర్వాలేదని ముందే చెప్పడం (చేతిలో చిల్లర లేక సిగ్గుపడి మానేసినవారున్నారు), బల్ల ఆచరణ అంటే ఏమిటో విడమరచడం. ఇంటికి వెళ్ళేముందు “రావచ్చునా?” అని అడిగి వెళ్ళాలి. ఆరుగురు గుంపుగా బైబిళ్ళు పట్టుకుని, పాటలు పాడుకుంటూ, ఆ వీధికి వెళ్ళడం ఒక్కోసారి ఆ ఇంటికి మేలు కాదు. ఇద్దరు ఆడవారు నీళ్ళకు వెళ్ళినట్టు వెళ్ళి పలకరిస్తే చాలు.

రిజిస్టరు సంగతి కూడా ఒక మాట. కొందరు నెలల తరబడి వస్తారు గాని పేరు రాయించుకోరు. వారిని పిరికివారని తేలికగా అనేస్తాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ జరిగింది గాని క్రైస్తవులకు జరగలేదు. మన రాష్ట్రంలో అలాంటివారిని బి.సి. ‘సి’ గ్రూపులో లెక్కిస్తారు. పిల్లవాడి హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం ఆ కాగితంతో ముడిపడి ఉన్న తండ్రికి మన రిజిస్టరులో ఒక్క గీత చిన్న విషయం కాదు. అతని మనస్సాక్షి మీద తీర్పు మనది కాదు. మన పని తొందర పెట్టకపోవడం, హేళన చేయకపోవడం. పేరు రాయకపోయినా అతని ఇంట్లో చావు వస్తే పాడె మోయడానికి సంఘం వెళ్ళాలి.

గుంటూరు వైపు నుండి లూథరన్ మాస్టారు, కృష్ణా జిల్లా నుండి సి.ఎస్.ఐ. నర్సమ్మ బదిలీ మీద వచ్చి బాప్టిస్టు మందిరంలో కూర్చున్నప్పుడు మొదటి వారమే “మీది ముంచిన బాప్తిస్మమా, చిలకరించినదా?” అని అడిగేవారిని గురించి ఎక్కువ చెప్పం. ఆ చర్చకు వేళ ఉన్నది, కాపరులు ఉన్నారు. మంచినీళ్ళు ఇవ్వకముందు ఆ ప్రశ్న అక్కరలేదు.

చివరిగా, వచ్చినవారు వెళ్ళిపోయే వేళ. కోత అయిపోతే కూలీలు వెళ్ళిపోతారు, వేసవిలో బదిలీలు వస్తాయి. ఉద్యోగస్థుడికి సంఘ బదిలీ పత్రం రాసి, ప్రార్థన చేసి, ఫోటో తీసి పంపుతాం. కోత మనిషి ఏ రోజు వెళ్ళాడో కూడా మనకు తెలియదు. అపొల్లో అకయకు వెళ్తానంటే ఎఫెసులోని సహోదరులు అతనిని చేర్చుకోమని అక్కడివారికి ఉత్తరం రాసి ఇచ్చారు. కెంక్రేయ సంఘపు ఫీబే కోసం పౌలు రోమావారికి రాశాడు. అలాంటి ఉత్తరం చెరకు నరికే కుటుంబానికి కూడా ఇవ్వవచ్చును. సంఘం లెటరుహెడ్డు మీద ఆ దంపతుల పేర్లు, పిల్లల పేర్లు, వారు మనతో ఎన్ని ఆదివారాలు ఆరాధించారో రాసి, కాపరిగారు, ఒక పెద్ద సంతకం చేయాలి. వారికి చదువు రాకపోతే ఒకసారి పైకి చదివి వినిపించి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వండి. వారి ఊరిలో ఏ మందిరం ఉన్నదో ముందుగా కనుక్కుని, అక్కడి కాపరిగారికి ఫోను కూడా చేస్తే మరీ మంచిది.